పింగాణీ మెంబ్రేన్: 0.4 బార్‌కే బుడగలు వచ్చేస్తున్నాయి, తప్పు ఎక్కడ?

మట్టిపిడికెడు | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) వడపోత బిళ్లలు, అంటే పింగాణీ మెంబ్రేన్లు చేస్తున్నాను. ఒక్కటీ పరీక్ష దాటడం లేదు. చేస్తున్నదంతా రాస్తాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

సపోర్ట్ బిళ్ల (పైపొరను మోసే అడుగు బిళ్ల) 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం. 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆల్ఫా అల్యూమినా పొడి, బలం కోసం 10 శాతం కేయోలిన్ అనే తెల్లమట్టి, రంధ్రాల కోసం 20 శాతం మొక్కజొన్న స్టార్చ్, కొద్దిగా పీవీఏ జిగురు. ఇవన్నీ కలిపి డై ప్రెస్‌లో నొక్కి, 1500 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలుస్తాను. నీళ్లలో తూచే పద్ధతిలో చూస్తే సచ్ఛిద్రత 43 శాతం వచ్చింది. అంటే బిళ్ల ఘనపరిమాణంలో 43 శాతం ఖాళీయే.

దాని మీద పొర: 0.3 మైక్రాన్ల అల్యూమినా 10 శాతం, నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 4కు తెచ్చిన స్లిప్ (పొడిని నీటిలో కలిపిన పల్చటి ద్రవం). బిళ్ల ఒక ముఖాన్ని 20 సెకన్లు ఆనించి తీస్తాను. 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, 1200 దగ్గర రెండు గంటలు కాలుస్తాను. పొర మందం 20 మైక్రాన్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటోలో చూస్తే చక్కగా, నున్నగా ఉంది. రంధ్రాలు 0.1 మైక్రాన్ దగ్గర ఉన్నట్టే కనిపిస్తున్నాయి.

కానీ బిళ్లను నీటితో తడిపి, పైన నాలుగు చుక్కల నీళ్లు నిలబెట్టి, కింది నుంచి గాలి ఇస్తే 0.4 బార్ పీడనానికే బుడగలు! ఫోటోలో అంత అందంగా ఉన్న పొర ఇలా ఎందుకు చేస్తోంది?

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 10:05

ముందు లెక్క చూద్దాం. తడి రంధ్రంలోంచి నీటిని నెట్టడానికి కావలసిన పీడనం నాలుగు రెట్ల తలతన్యతను వ్యాసంతో భాగిస్తే వస్తుంది. నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు. 0.1 మైక్రాన్ రంధ్రానికి దాదాపు 29 బార్లు కావాలి. మీకు 0.4 బార్‌కే వచ్చిందంటే అక్కడ ఉన్నది 7.2 మైక్రాన్ల చిల్లు. మీ పొర రంధ్రాలకు డెబ్బై రెట్లు పెద్దది.

ఫోటోలో ఎందుకు కనిపించలేదంటారా? మీరు ఫోటో తీసింది ఏ పాతిక మైక్రాన్ల వెడల్పు జాగానో అయి ఉంటుంది. బిళ్ల మొత్తం దాదాపు 5 చదరపు సెంటీమీటర్లు. చిల్లు పక్క వీధిలో ఉంది, మీరు ఈ వీధిలో వెతుకుతున్నారు.

కొలిమిదగ్గర | సోమవారం, ఉదయం 11:40

మాస్టారు చెప్పింది సరే. కానీ పొరను తిట్టే ముందు హోల్డర్‌లో బిళ్లను బిగించే రబ్బరు రింగును అనుమానించండి. బుడగలు అంచు వెంబడి వస్తున్నాయా, మధ్యలోనా? ప్రతిసారీ అదే చోటా? పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బిళ్లను తీసి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. గుర్తులతో పాటు బుడగలూ తిరిగితే తప్పు బిళ్లది. తిరగకపోతే హోల్డర్‌ది.

ఇంకో మూడు ప్రశ్నలు. స్లిప్‌ను పూత వేసే ముందు వడకట్టారా? అందులో గాలి తీశారా? స్టార్చ్‌ను జల్లించారా, డబ్బాలోంచి తీసి నేరుగా వేశారా?

తడిచేతులు | సోమవారం, మధ్యాహ్నం 1:22

నేను కుండలు, మట్టి ఫిల్టర్లు చేసే మనిషిని, ల్యాబ్ సంగతులు తెలియవు. కానీ ఇంత ఆలోచన ఎందుకండీ? చిల్లు ఉంటే ఇంకో రెండు పూతలు వేసేయండి, పూడిపోతుంది. మా దగ్గర మట్టి పూత అలాగే వేస్తాం.

లెక్కలమాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:10

తడిచేతులు గారూ, దానికి రెండు అడ్డంకులు. మొదటిది నీటి ప్రవాహం. మట్టిపిడికెడు గారూ, పొర లేని బిళ్లకు, పొర ఉన్న బిళ్లకు ప్రవాహం ఎంత వచ్చింది?

మట్టిపిడికెడు | సోమవారం, మధ్యాహ్నం 2:31

పొర లేకుండా చదరపు మీటరుకు, గంటకు, ఒక బార్ దగ్గర 3,600 లీటర్లు. పొరతో 760.

లెక్కలమాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:58

అయితే చూడండి. 2 మిల్లీమీటర్ల సపోర్ట్ కన్నా 20 మైక్రాన్ల పొరే నీటిని దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అడ్డుకుంటోంది. సపోర్ట్ దానికి వంద రెట్లు మందం, అయినా అంతే. రంధ్రం వ్యాసం సగమైతే, సచ్ఛిద్రత మారకపోయినా ప్రవాహం నాలుగో వంతుకు పడిపోతుంది మరి. ఇప్పుడు ఇంకో రెండు పూతలేసి 60 మైక్రాన్లు చేస్తే 760 కాస్తా 300కు దిగుతుంది. పింగాణీ మెంబ్రేన్‌ను మెట్లుమెట్లుగా, కింద ముతక, పైన పల్చటి సన్న పొరగా కట్టేది ఇందుకే. సన్నపొడితో బిళ్ల మొత్తం చేస్తే దానిలోంచి నీళ్లు దిగేసరికి మన ఓపిక దిగిపోతుంది.

రెండో అడ్డంకి నెర్రెలు. అది కొలిమిదగ్గర గారు బాగా చెప్తారు.

మట్టిపిడికెడు | మంగళవారం, సాయంత్రం 6:45

గుర్తులు పెట్టి తిప్పి చూశాను. హోల్డర్ నిర్దోషి. బుడగలు నాలుగు చోట్ల, మూడు మధ్యలో, ఒకటి అంచుకు దగ్గర. బిళ్లతో పాటే తిరుగుతున్నాయి.

తడిచేతులు గారి మాట మీద ఒక బిళ్లకు రెండో పూత కూడా వేశాను (మాస్టారూ, కోప్పడకండి, పూత అప్పటికే వేసేశాను). నాలుగింటిలో రెండు పూడాయి. కానీ ఎండిన చెరువు అడుగులా పొర అంతా నెర్రెలు విచ్చింది.

స్లిప్ వడకట్టలేదు. గాలి తీయలేదు. స్టార్చ్ జల్లించలేదు.

కొలిమిదగ్గర | మంగళవారం, రాత్రి 9:30

మూడింటికీ లేదనే వస్తుందనుకున్నా. నా మొదటి రెండేళ్ల జవాబులు కూడా ఇవే.

మీ దొంగ స్టార్చ్. మొక్కజొన్న స్టార్చ్ గింజ సుమారు 5 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది. బంగాళాదుంపదైతే ఇంకా పెద్దది, 100 మైక్రాన్ల దాకా పోతుంది. బియ్యం స్టార్చ్ చిన్నది, 3 నుంచి 8. గింజ కాలిపోయాక అంతే ఖాళీ మిగులుతుంది. బిళ్ల లోపల ఉన్న ఖాళీతో ఇబ్బంది లేదు, చుట్టూ ఉన్న 3 మైక్రాన్ల రేణువుల మధ్య సందుల్లోంచే నీళ్లు పోవాలి కనుక. కానీ ఉపరితలం మీద పడిన గింజ కాలితే అక్కడ నోరు తెరుచుకున్న గుంట. రెండు మూడు గింజలు ఉండకట్టి ఉంటే అది గుంట కాదు, బావి. మీ 0.3 మైక్రాన్ రేణువులు ఆ బావి మీద వంతెన కట్టలేవు, లోపలికి జారిపోతాయి. పొర అక్కడ కుంగి, ఆరేటప్పుడు నడుమ సూదిబెజ్జం పడుతుంది.

ఇంకొకటి. స్లిప్ బిళ్లకు అంటుకునేది బిళ్ల నీటిని పీల్చుకోబట్టి. నీళ్లు లోపలికి పోతాయి, రేణువులు ముఖం మీద పేరుకుంటాయి. పీల్చుడు బిళ్లంతా ఒకేలా ఉంటేనే పొర ఒకేలా వస్తుంది. పెద్ద గుంట దగ్గర కేశాకర్షణ బలం తక్కువ, అక్కడ పేరుకోవడం మందగిస్తుంది. పైగా పొడి బిళ్ల నీటిని పీల్చేటప్పుడు లోపలున్న గాలి ఎటు పోవాలి? కొంత వెనక నుంచి పోతుంది, కొంత ఎదురు తిరిగి పొరలోంచే బుడగై బయటికి వస్తుంది. అదీ ఒక సూదిబెజ్జమే.

నేనైతే ఇలా చేస్తాను.

స్టార్చ్ పూర్తిగా మానేయండి. 3 మైక్రాన్ల పొడి రేణువుల మధ్య సందులే చాలు. సచ్ఛిద్రత 43 నుంచి ఏ 35కో దిగుతుంది, దిగనీయండి. కాగితం మీద సచ్ఛిద్రత ఎక్కువ ఉంటే అందరూ మురుస్తారు గానీ, పైపొర వేయాల్సిన బిళ్లకు కావలసింది నున్నటి ముఖం.

కాల్చిన బిళ్ల ముఖాన్ని సన్న ఎమెరీ కాగితం మీద తడిగా నాలుగు తిప్పులు తిప్పి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, మళ్లీ 600 డిగ్రీలకు కాల్చండి. రుద్దిన పొడి సందుల్లో ఉండిపోతే అదే కొత్త తలనొప్పి.

మధ్యలో 1 మైక్రాన్ పొడితో ఇంకో పొర వేయండి. రేణువు సైజులో ఒక్కో మెట్టుకు మూడు రెట్లు, మహా అయితే ఐదు రెట్లకు మించి దూకను. మీరు 3 నుంచి 0.3కి పదిరెట్లు దూకారు, అదీ గుంటల మీద.

స్లిప్‌ను సన్నటి నైలాన్ జల్లెడలో వడకట్టి, వాక్యూమ్‌లో పదిహేను నిమిషాలు పెట్టి గాలి తీయండి. పూత వేసే చోట దుమ్ము లేకుండా చూసుకోండి. ఒక్క నూలు పోగు పడితే అది కాలిపోయి సొరంగం మిగులుస్తుంది.

నెర్రెల సంగతి రేపు రాస్తాను, ఫర్నేస్ దించే టైమయింది.

నీటిచుక్క | బుధవారం, ఉదయం 8:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, కొత్తవాడిని. ఇంత కష్టం ఎందుకు, ప్లాస్టిక్ మెంబ్రేన్లు ఉన్నాయి కదా?

సన్నజల్లెడ | బుధవారం, ఉదయం 9:02

ఉన్నాయి, చవక కూడా. మంచినీటికి చాలా చోట్ల అవే సరిపోతాయి. కానీ వేడి నూనె, ఘాటైన క్షారం, ద్రావకాలు, ఆవిరితో శుద్ధి, ఇవి వస్తే ప్లాస్టిక్ చేతులెత్తేస్తుంది. పింగాణీని 80 డిగ్రీల కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగి, తర్వాత నైట్రిక్ యాసిడ్‌తో కడిగి, మళ్లీ పనిలో పెట్టొచ్చు. ఏళ్లతరబడి.

ఇక్కడివాళ్లతో నాకు ఒక పేచీ ఉంది. నేను మెంబ్రేన్లు తయారు చేయను, ప్లాంటులో నడుపుతాను. మాకు వచ్చేవి మీటరు పొడవు గొట్టాలు, ఒక్కోదానిలో 19 కాలువలు. ద్రవం కాలువల వెంబడి వేగంగా పోతుంటే, శుద్ధమైనది గోడల్లోంచి పక్కకు ఊరుతుంది. ముఖం మీద ఎప్పుడూ ఎంతో కొంత మడ్డి పేరుకునే ఉంటుంది. చిన్న చిల్లు ఉంటే ఆ మడ్డే మూసేస్తుంది. మైక్రోఫిల్ట్రేషన్‌లో (మైక్రాన్ స్థాయి వడపోతలో) నాలుగు సూదిబెజ్జాల గురించి ఇంత టెన్షన్ పడాలా? మట్టిపిడికెడు గారు అసలు దేన్ని వడకడదామనుకుంటున్నారో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మట్టిపిడికెడు | బుధవారం, ఉదయం 9:40

బ్యాక్టీరియాను ఆపాలి. మొదటి ఉద్దేశం నీటి మడ్డి తీయడమే, తర్వాత అది పెరిగింది.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 11:20

అయితే రెండు మాటలూ నిజమే, లెక్క చూడండి. గొట్టంలో ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 7.2 మైక్రాన్ల చిల్లు ఒక్కటి 0.1 మైక్రాన్ రంధ్రాలు రెండు కోట్ల డెబ్బై లక్షలు కలిసి మోసేంత నీటిని మోస్తుంది. వింటే గుండె గుభేలుమంటుంది. కానీ పొరలో ఉపరితలంలో మూడో వంతు దాకా రంధ్రాలే అనుకుంటే, 5 చదరపు సెంటీమీటర్లలో ఆ సన్న రంధ్రాలు దాదాపు రెండు వేల కోట్లు ఉంటాయి. నాలుగు చిల్లులూ కలిపి మోసేది మొత్తం నీటిలో అర శాతం పైచిలుకు, అంతే.

మడ్డి తీయడానికి 99 శాతానికి పైగా ఆగితే ఎవరూ గొంతెత్తరు. బ్యాక్టీరియా విషయంలో అలా కుదరదు. మిల్లీలీటరులో పది లక్షలు ఉన్న నీరు పోస్తే, కిందికి ఐదారు వేలు దిగుతాయి. సన్నజల్లెడ గారు చెప్పినట్టు మడ్డి పేరుకుంటే చిల్లు మూయవచ్చు. వెనక్కి నీళ్లు కొట్టి కడిగిన మరుక్షణం మళ్లీ తెరుచుకుంటుంది. సన్న రంధ్రాలు వంకర టింకరగా ఉంటాయి, చిల్లు నిటారుగా ఉంటుంది, కనుక అసలు వాటా నా లెక్క కన్నా ఎక్కువే ఉండాలి.

సన్నజల్లెడ | బుధవారం, మధ్యాహ్నం 12:05

కడిగాక తెరుచుకుంటుందన్నది ఒప్పుకుంటున్నా. మడ్డికి సరే, బ్యాక్టీరియాకు కాదు. నా మాట సగం వెనక్కి.

పాతకాగితం | బుధవారం, సాయంత్రం 5:50

బ్యాక్టీరియా అనగానే ఒక పాత సంగతి. 1884లో పాశ్చర్ ప్రయోగశాలలో పనిచేసే చార్లెస్ చాంబర్లాండ్ గ్లేజు వేయని పింగాణీ గొట్టంతో ఫిల్టర్ చేశాడు. దానిలో మెట్లూ పొరలూ లేవు, గోడ మందమంతా ఒకటే. బ్యాక్టీరియా అందులోంచి దిగదు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని అలాంటి ఫిల్టర్‌లోంచే వడకట్టాడు. కిందికి దిగిన తేటరసం కూడా మంచి ఆకులకు తెగులు అంటించింది. ఫిల్టర్‌కు పగులుందేమోనన్న అనుమానం ఆయనను వదల్లేదు. 1898లో బైయరింక్ అదే ప్రయోగం చేసి, ఇది బ్యాక్టీరియా కాదు, వేరే రకం అంటుపదార్థమని తేల్చి వైరస్ అనే పేరు వాడాడు. ఆ పొగాకు వైరస్ కడ్డీలా ఉంటుంది, పొడవు 300 నానోమీటర్లు, మందం 18. ఫిల్టర్‌లో పగులు లేదని నమ్మగలిగితేనే ఆ మాట అనగలం. మీ నాలుగు బుడగల గొడవ నూట ముప్పై ఏళ్ల నాటిదన్నమాట.

యురేనియం వాయువును రంధ్రాల గోడలోంచి పంపి వేరుచేసిన కథ కూడా ఇలాంటిదే. అమెరికాలో కే-25 ప్లాంటు గోడలు నికెల్‌వి, పింగాణీవి కావు, కానీ చిక్కు అదే. రెండు రకాల యురేనియం ఉన్న 349, 352 బరువుల అణువులను వేరుచేయాలి, ఒక్కో మెట్టులో దొరికే తేడా 1.0043 రెట్లు మాత్రమే. గోడలో పెద్ద చిల్లుంటే రెండూ కలిసి దాంట్లోంచే పోతాయి, ఆ కొంచెం తేడా కూడా పోతుంది.

నీటిచుక్క | బుధవారం, సాయంత్రం 6:30

వైరస్ కూడా ఆగేంత సన్న రంధ్రాలు పింగాణీలో చేయలేమా?

కొలిమిదగ్గర | బుధవారం, రాత్రి 10:15

చేస్తారు. దానికి పొడి పనికిరాదు, సోల్-జెల్ దారి పట్టాలి, అంటే అతి సన్న రేణువులు తేలే ద్రవాన్ని (సోల్) జెల్‌గా గట్టిపరచి కాల్చాలి. 1975 ప్రాంతంలో యోల్డాస్ అనే శాస్త్రవేత్త చూపిన దారి ఇది: అల్యూమినియం ఆల్కాక్సైడ్‌ను 80 డిగ్రీలకు పైనున్న వేడి నీళ్లలో విడగొట్టి, కొంచెం యాసిడ్ వేసి తిప్పితే బోమైట్ అనే పాలలాంటి సోల్ వస్తుంది. అందులో బిళ్లను ముంచి, ఆరబెట్టి, 600 డిగ్రీల దగ్గర కాలిస్తే గామా అల్యూమినా (అల్యూమినాకే ఇంకో స్ఫటిక రూపం) పొర, రంధ్రాలు 4, 5 నానోమీటర్లు. దాన్ని అత్యాశకు పోయి 1100కు కాల్చకండి. గామా కాస్తా ఆల్ఫాగా మారి రేణువులు లావెక్కుతాయి, సన్న రంధ్రాలు గల్లంతు.

కష్టమల్లా ఆరబెట్టడంలో. నిన్న వాయిదా వేసిన నెర్రెల సంగతి ఇదే. మాస్టారు బుడగ లెక్క చెప్పారు కదా, 0.1 మైక్రాన్ రంధ్రంలోంచి నీటిని నెట్టాలంటే 29 బార్లు. ఆరేటప్పుడు అదే 29 బార్లు లోపలి నుంచి పొరను పిండుతుంది. నీరు వెనక్కి తగ్గేటప్పుడు రేణువులను దగ్గరికి లాగుతుంది. సపోర్ట్ కదలదు, పొర పక్కకు ముడుచుకోలేదు, చిరుగుతుంది. పొర మందమైన కొద్దీ చిరిగే గుణం పెరుగుతుంది, అందుకే రెండో పూతకు మీకు నెర్రెలొచ్చాయి. 5 నానోమీటర్ల రంధ్రానికి ఆ పిండుడు 570 బార్లు దాటుతుంది. సోల్-జెల్ పొరలను ఒక్కో పూతకు మైక్రాన్ దాటనివ్వకుండా, రెండు మూడు సార్లు వేసి మధ్యలో కాలుస్తూ పోయేది అందుకే.

మీ 0.3 పొరకు మందు తేలికే. 80 డిగ్రీల ఓవెన్ మానండి. మూత పెట్టిన డబ్బాలో తడి గుడ్డ పక్కన పెట్టి, గది వేడిలో ఒక రోజు ఆరనివ్వండి. స్లిప్‌లో పీవీఏ, రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే పొర కొంచెం సాగుతుంది. మందం 15 మైక్రాన్లకు దించండి.

పీహెచ్ 4 సరైనదే, అది మార్చకండి. అల్యూమినా రేణువుల మీద అక్కడ ధన ఆవేశం బాగా ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. 9 దగ్గరికి పోతే ఆవేశం పోయి అన్నీ ఉండకడతాయి.

తడిచేతులు | గురువారం, ఉదయం 7:40

రెండో పూత సలహా ఇచ్చింది నేనే, నెర్రెలకు బాధ్యుణ్నీ నేనే. కుండ మీద పూత, పచ్చి కుండ రెండూ కలిసి ముడుచుకుంటాయి. మీది కాల్చిన బిళ్ల కదా, అది ముడుచుకోదు. ఇప్పుడు అర్థమైంది.

ఒక సందేహం. అల్యూమినా కాకుండా మామూలు మట్టి, సున్నపురాయి పొడి కలిపి బిళ్లలు చేస్తారని విన్నాను. సున్నపురాయి కాలి గ్యాస్ పోయిన చోట రంధ్రాలు వస్తాయట. నేను 800 డిగ్రీలకు కాల్చి చూశాను. బాగానే వచ్చాయి, కానీ వారానికి అవే పొడిపొడిగా రాలిపోయాయి.

కొలిమిదగ్గర | గురువారం, ఉదయం 8:20

800కు రాయి విడిపోయి సున్నం మిగిలింది, కానీ ఆ సున్నం మట్టితో కలిసిపోలేదు. గాలిలో తడి తాకగానే పొంగి బిళ్లను చీల్చింది. 950, 1000 దాకా తీసుకెళ్లి కాసేపు ఉంచితే సున్నం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి వేరే ఖనిజాలవుతుంది, ఇక పొంగదు. రాయిని ఎంత మెత్తగా నూరితే అంత మంచిది. ముతక ముక్క ఉంటే లోపల కొంత సున్నంగానే మిగిలిపోతుంది. మీ మట్టిలో ఇసుక ఎక్కువుంటే 573 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పోనివ్వండి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. క్వార్ట్‌జ్ అక్కడ రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 8:55

సున్నపురాయి బిళ్లల మీద ఇంకా మాట్లాడాలంటే విడిగా చర్చ తెరవండి. ఇక్కడ మట్టిపిడికెడు గారి బిళ్లల సంగతే సాగనిద్దాం.

మట్టిపిడికెడు | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 4:18

తిరిగొచ్చాను. మౌనంగా ఉన్నానంటే వదిలేశానని కాదు, ఫర్నేస్ వరుస దొరకలేదు.

స్టార్చ్ మానేశాను. సచ్ఛిద్రత 36 శాతానికి దిగింది, పొర లేని బిళ్ల ప్రవాహం 3,600 నుంచి 2,200కు పడింది. చూసి ప్రాణం ఉసూరుమంది. అయినా ముందుకే పోయాను. ఎమెరీ, అల్ట్రాసోనిక్, 600 డిగ్రీలు, 1 మైక్రాన్ మధ్యపొర, వాక్యూమ్, తడిగుడ్డ డబ్బా, అన్నీ చెప్పినట్టే. పైపొర 15 మైక్రాన్లు. చివరి ప్రవాహం 740! మునుపటి 760కి దాదాపు సమానం. సపోర్ట్‌లో పోగొట్టుకున్నది పల్చటి పొరలో తిరిగొచ్చింది.

ఆరు బిళ్లలు చేశాను. నా రెగ్యులేటర్ 6 బార్ల దాకానే పోతుంది. నాలుగింటికి 6 బార్ల దాకా ఒక్క బుడగ లేదు. ఒకదానికి 1.1 దగ్గర బుడగ వచ్చింది, ఆ చోట చూస్తే పొరలో ఒక వెంట్రుక ముద్ర. నాదే అయి ఉంటుంది. ఆరోది 5 బార్ల దగ్గర టప్పున విరిగి ముక్కలు ఎగిరాయి.

లెక్కలమాస్టారు | శనివారం, సాయంత్రం 5:03

శుభం, కానీ రెండు మాటలు.

విరిగినదాని గురించి ముందు. అంచు మీద మాత్రమే ఆనిన బిళ్లకు 5 బార్ల దగ్గర వంగుడు ఒత్తిడి సుమారు 20 మెగాపాస్కల్స్ వస్తుంది. రంధ్రాల అల్యూమినాకు అది తక్కువేం కాదు, చిన్న బీట ఉన్నా చాలు. గాలి కింది నుంచి వస్తోంది కనుక బిళ్ల పైకి వంగుతుంది, పై ముఖం సాగుతుంది. పైన మెత్తటి వల, దాని మీద చిల్లుల స్టీలు పలక పెట్టి ఆనించండి, చిల్లుల్లోంచి బుడగలు కనిపిస్తాయి. ముందు మందపాటి పాలీకార్బొనేట్ షీటు అడ్డం పెట్టకుండా ఇకపై వాల్వు తిప్పకండి. నీటితో తోస్తే పర్వాలేదు గానీ, కుదించిన గాలితో చెలగాటం వద్దు.

రెండోది. 6 బార్ల నీటి పరీక్ష దాటిందంటే 0.48 మైక్రాన్ కన్నా పెద్ద చిల్లు లేదని మాత్రమే. 0.1 అని కాదు. నీటి బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపండి. దాని తలతన్యత 0.0217, నీటిలో మూడో వంతు కన్నా తక్కువ. అదే 6 బార్లతో 0.145 మైక్రాన్ దాకా చూడగలరు. దగ్గర్లో నిప్పు, స్పార్కు లేకుండా చూసుకోండి.

సన్నజల్లెడ | శనివారం, సాయంత్రం 7:30

740 అన్నది శుద్ధజలంతో వచ్చిన అంకె. అసలు నీళ్లు పోశాక పది నిమిషాల్లో ఎంతకు దిగుతుందో రాసుకోండి, కడిగాక ఎంత తిరిగి వస్తుందో కూడా. ప్లాంటులో మేం చూసేది ఆ రెండో అంకెనే. ఇంకొకటి, వేడి కాస్టిక్‌తో కడిగిన వెంటనే చల్లనీళ్లు పోయకండి. మా దగ్గర ఒకసారి తొందరలో ఎవరో అలా చేస్తే గొట్టాలు ఒక వరుసంతా చివర్ల దగ్గర చిట్లాయి. నీళ్లు మారుస్తూ మెల్లగా చల్లార్చాలి.

మట్టిపిడికెడు | సోమవారం, మధ్యాహ్నం 3:12

పలక, వల, షీటు పెట్టాక ఆల్కహాల్‌తో నాలుగు బిళ్లలూ చూశాను. మూడు 6 బార్లు దాటాయి. నాలుగోది 3.1 బార్ల దగ్గర ఒక్కచోట సన్నగా బుడగలు వదిలింది. మాస్టారి లెక్కతో 0.28 మైక్రాన్ అని తేలింది.

కొలిమిదగ్గర | సోమవారం, మధ్యాహ్నం 3:50

0.28 అంటే అది స్టార్చ్ గుంట కాదు, దుమ్మూ కాదు, అంత చిన్నగా ఉండవు. స్లిప్‌లో రేణువులు కొంచెం ఉండకట్టి, ఆ ఉండల మధ్య మిగిలిన సందై ఉండాలి. లేదా వెంట్రుకవాసి నెర్రె. ఏదన్నది చూస్తే గానీ చెప్పలేను. గుండ్రంగా ఉందా, పొడవుగా ఉందా? ఆ చోటును గుర్తు పెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టండి. ఈసారి పక్క వీధి కాదు, సరిగ్గా ఆ చోటే. స్లిప్‌ను పూత రోజు పొద్దున మళ్లీ బాల్‌మిల్‌లో (గుండ్లతో నూరే యంత్రంలో) తిప్పారా, నిల్వ ఉన్నదే వాడారా అన్నది కూడా చెప్పండి.

మట్టిపిడికెడు | సోమవారం, సాయంత్రం 4:05

నిల్వ ఉన్నదే, నాలుగు రోజులది. గిలకొట్టి వాడాను, మిల్ చేయలేదు. మైక్రోస్కోప్ గురువారం దొరుకుతుంది. పెన్సిల్ గీత మైక్రోస్కోప్ కోసం వేసే కార్బన్ పూత కింద కనిపించదేమోనని బిళ్ల అంచున వజ్రపు సూదితో రెండు గీతలు గీసి పెట్టాను. ఫోటో వచ్చాక ఇక్కడే పెడతాను.